ఆస్టర్లీ కుర్చీలూ, మన ముందు గదీ

లండను చుట్టుపక్కల మనవాళ్ళు కొత్తగా ఇల్లు కొనుక్కున్నాక మొదట ఎదురయ్యే సమస్య బ్యాంకు వాయిదా కాదు, సోఫా. వాయిదా నెలకొకసారి వస్తుంది; సోఫా రోజూ కాళ్ళకు అడ్డం వస్తుంది. పన్నెండడుగుల ముందు గదిలో ముగ్గురు కూర్చునే సోఫా ఒకటి, దానికి తోడు లావుపాటి కుర్చీలు రెండు, మధ్యన ఒక గాజు బల్ల పెట్టేసరికి మనుషులు పక్కకు తిరిగి నడవాల్సి వస్తుంది. ఇక సత్యనారాయణ వ్రతమో, పిల్లవాడి పుట్టినరోజో వచ్చిందంటే ఇంటాయనా పక్కింటాయనా కలిసి ఆ సోఫాను నిలువునా ఎత్తి తోటలోకి మోసుకుపోవడం, వాన పడుతుందేమోనని ఇంటిల్లిపాదీ ఆకాశం వంక చూడటం మనలో చాలామందికి అనుభవమే.

ఈ జబ్బుకు మందు నాకు మా ఇంటికి రెండు మైళ్ళ దూరంలో, రెండు వందల అరవై ఏళ్ళ కిందట అలంకరించిన ఒక భవనంలో దొరికింది. దాని పేరు ఆస్టర్లీ.

పశ్చిమ లండనులో ఉండే మన సభ్యులందరికీ ఆస్టర్లీ పార్కు తెలిసినదే. ఆదివారం పూట పిల్లల్ని తీసుకువెళ్ళి చెరువులో బాతుల్ని చూపించి, తెచ్చుకున్న పులిహోర తిని, హీత్రోలో దిగబోయే విమానాలు లెక్కపెట్టి వచ్చేస్తాం. ఎం4 రహదారి ఆ పార్కును చీల్చుకుంటూ పోతుంది కనుక అక్కడ నిశ్శబ్దమనేది పేరుకే. భవనం లోపలికి మాత్రం టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళేవారు మనలో తక్కువ. "పాత కుర్చీలు చూడటానికి ఎదురు డబ్బులివ్వాలా?" అని మావారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆయన్ని లోపలికి తీసుకువెళ్ళడానికి బయట పడిన వాన సాయం చేసింది.

ముందు ఆ ఇంటి కథ కొంచెం చెబుతాను. ఆ స్థలంలో మొదట ఇల్లు కట్టించినవాడు లండనులో రాయల్ ఎక్స్ఛేంజిని స్థాపించిన సర్ థామస్ గ్రెషామ్. అది 1570ల నాటి మాట. 1713లో ఆ ఇల్లు చైల్డ్ అనే బ్యాంకరు కుటుంబం చేతికి వచ్చింది. ఫ్లీట్ వీధిలో వాళ్ళ బ్యాంకుకు గుర్తు మేరిగోల్డ్ పువ్వు, అంటే మన బంతిపువ్వుకు దూరపు చుట్టం. ఆ కుటుంబంలో కొందరు ఈస్టిండియా కంపెనీకి డైరెక్టర్లుగా కూడా ఉన్నారు. కాబట్టి మన దేశంతో జరిగిన వ్యాపారపు లాభం కొంత ఆ గోడల్లో సున్నంతో పాటు కలిసే ఉంది. అది మనసులో పెట్టుకునే లోపలికి వెళ్ళాలి, కానీ వెళ్ళాలి.

1761లో ఫ్రాన్సిస్ చైల్డ్ ఆ పాత ఇంటిని తిరగకట్టే పని రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లండు వాస్తుశిల్పికి అప్పగించాడు. ఆడమ్‌కు అప్పటికి ముప్పై మూడేళ్ళు. రెండేళ్ళలో ఫ్రాన్సిస్ చనిపోతే తమ్ముడు రాబర్ట్ చైల్డ్ పని ఆపకుండా దాదాపు ఇరవై ఏళ్ళు సాగించాడు. ఎర్ర ఇటుకల చతురస్రపు ఇంటికి ముందువైపు గోడ తీసేసి, రెండు వరసల తెల్ల స్తంభాలు నిలబెట్టాడు ఆడమ్. మెట్లెక్కి ఆ స్తంభాల మధ్యనుంచి నడిస్తే ఎదురుగా నలువైపులా గదులున్న ఆరుబయలు ముంగిలి. నాకు మాత్రం మా అమ్మమ్మగారి ఊళ్ళో మండువా లోగిలి గుర్తుకొచ్చింది. వానకు తడిసే జాగా ఇంటి నడిమధ్యన పెట్టుకోవడం మనవాళ్ళకే తెలుసనుకున్నాను.

ఆడమ్ తెచ్చిన తీరును ఇక్కడివాళ్ళు నియోక్లాసికల్ అంటారు. పేరు పెద్దదే గాని సంగతి సులువు. ఇటలీలో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన హెర్క్యులేనియం పట్నాన్ని 1738లోనూ, పాంపేను 1748లోనూ తవ్వడం మొదలుపెట్టారు. గుళ్ళూ కోటలే కాకుండా, మామూలు మనుషుల ఇళ్ళ గోడల మీద బొమ్మలు, దీపాలు, పాత్రలు ఎలా ఉండేవో మొదటిసారి లోకానికి తెలిసింది. యూరప్ అంతా ఆ మోజులో పడింది. ఆడమ్ కూడా ఇటలీలో కొన్నేళ్ళుండి, 1757లో ఏడ్రియాటిక్ తీరంలోని స్ప్లిట్ వెళ్ళి, రోమను చక్రవర్తి డయొక్లీషియన్ రాజభవన శిథిలాల కొలతలు తీసుకుని, 1764లో పుస్తకంగా వేశాడు.

దానికి ముందు ఇంగ్లండులో కుర్చీ కాలు వంపు తిరిగి, చివర పక్షి గోళ్ళతో బంతిని పట్టుకున్నట్టు ఉండేది. ఆడమ్ తరవాత ఆ కాలు తిన్నగా, పైనుంచి కిందికి సన్నబడుతూ వచ్చింది. నగిషీ కూడా మారింది: కలశాలు, పూలదండలు, పొట్టేలు తలలు, గుండ్రని పువ్వులు, వీణలాంటి లైర్ వాద్యం. ఇవన్నీ గ్రీసు, రోము సొత్తని గైడు చెబుతూంటే మా అమ్మాయి, "అమ్మా, మన కలశం!" అంది. ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాలను చూడండి. పూలు నిండిన పూర్ణఘటం, లావుపాటి పూలదండను భుజాన మోస్తున్న మనుషులు కనిపిస్తారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న తగవు పండితులకు వదిలేద్దాం. నా మాట ఒక్కటే: ఈ ఆకారాలు మన కంటికి పరాయివి కావు.

ఆస్టర్లీలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన గది భోజనశాల. అక్కడ భోజనం బల్ల లేదు! ఇంత ఇల్లు కట్టించుకున్నవాళ్ళకు బల్ల కొనడానికి డబ్బు చాలలేదా అనుకుంటాం. సంగతేమిటంటే, ఆ రోజుల్లో మడతపెట్టే బల్లలు బయట నడవలో ఉండేవి. భోజనం వేళకు నౌకర్లు వాటిని తెచ్చి వేసేవారు. తినడం అవగానే తీసేసేవారు. లైరు ఆకారంలో వీపు ఉన్న మహాగని కుర్చీలు గోడవారన వరసగా ఉండేవి, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. గది మధ్య అంతా ఖాళీ. ఒక్క భోజనశాలే కాదు. ఆ కాలంలో గొప్ప ఇళ్ళలో చాలా గదుల పద్ధతి ఇదే. కుర్చీ అసలు చోటు గోడవార. అవసరమైనప్పుడు ముందుకు లాక్కుంటారు, అవగానే వెనక్కి చేరుస్తారు.

ఇది చూడగానే నాకు మన పల్లెటూరి సావడి కళ్ళ ముందు నిలిచింది. మనకు కూడా గది మధ్య ఖాళీగా ఉండాలి. అక్కడే పీట వేస్తాం, విస్తళ్ళు పరుస్తాం, పిల్లవాడికి అక్షరాభ్యాసం చేస్తాం, రాత్రి చుట్టాలకు పక్కలు వేస్తాం. వస్తువులు గోడవార, మనుషులు మధ్యన. ఇప్పటి సోఫా సెట్టు దీన్ని తలకిందులు చేసింది. వస్తువులు మధ్యన, మనుషులు గోడవార.

ఆ భోజనశాలలోనే ఇంకొక విశేషం ఉంది. మిగతా పెద్ద గదుల గోడలకు పట్టుబట్టలు, చిత్రకంబళ్ళు వేలాడతాయి. ఇక్కడ మాత్రం గోడంతా సున్నపు నగిషీ. దానికి కారణం ఆడమ్ తన 1773 నాటి పుస్తకంలో తనే చెప్పాడు: బట్ట కట్టిన గోడకు భోజనం వాసన పట్టుకుంటుందట. ఇంగువ పోపు ఎరగని వంటకే ఆయన అంత జాగ్రత్తపడ్డాడు! మన వంటింటి పక్క గదిలో వెల్వెట్టు సోఫా పెట్టుకున్నవారు ఆలోచించవలసిన విషయం.

తరవాతి గదులు ఒకదాన్ని మించి ఒకటి. చిత్రకంబళ్ళ గదిలో పారిస్ గోబ్లాన్ కార్ఖానాలో నేసిన గులాబిరంగు కంబళ్ళు గోడలంతా ఉంటే, కుర్చీల మీద బట్ట కూడా వాటికి జోడుగా నేసినదే. 1776 నాటి పందిరిమంచం ఒకటుంది; గుమ్మటంతో సహా చిన్న గుడిలా ఉంటుంది. దాని అలంకారంలో కూడా ఆ బ్యాంకు బంతిపువ్వు కనిపిస్తుంది. చివరన ఎట్రుస్కన్ గది. గోడల నిండా మట్టికుండల ఎరుపు, నలుపు రంగుల్లో సన్నని బొమ్మలు. ఆ గోడల ముందు పెట్టే కుర్చీలకు కూడా అవే రంగులు. తవ్వకాల్లో దొరికిన కుండలు ఎట్రుస్కన్ జాతివని ఆ రోజుల్లో చాలామంది నమ్మారు. నిజానికి వాటిలో ఎక్కువ భాగం గ్రీకు కుండలు. తప్పు పేరే గదికి నిలిచిపోయింది. మొదట ఈ ఇంటిని ఆకాశానికెత్తిన రచయిత హొరేస్ వాల్‌పోల్, ఈ గది చూశాక మాత్రం రాజభవనంలోంచి కుమ్మరి పొలంలోకి వచ్చినట్టుందని వెటకారం చేశాడు.

ఇంతా చేసి రాబర్ట్ చైల్డ్ ఎన్నాళ్ళు అనుభవించాడు? 1782లో ఆయన ఒక్కగానొక్క కూతురు శారా, వెస్ట్‌మర్లండ్ ప్రభువుతో స్కాట్లండు సరిహద్దుకు లేచిపోయి గ్రెట్నాగ్రీన్‌లో పెళ్ళి చేసుకుంది. ఆ ఏడే తండ్రి పోయాడు. అల్లుడి బిరుదు వారసుడికి చిల్లిగవ్వ దక్కకుండా వీలునామా రాసి మరీ పోయాడు. ఆస్తి మనవరాలికి, ఆమె ద్వారా జెర్సీ ప్రభువుల వంశానికి చేరింది. 1949లో ఆ వంశస్థుడు ఇంటిని నేషనల్ ట్రస్టుకు ఇచ్చేశాడు. గదుల కోసం చేయించిన సామాను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కోసం కొన్నారు. అందుకే ఏ గది కోసం చేసిన కుర్చీ ఆ గదిలోనే ఉంది. ఇలాంటి భాగ్యం ఎక్కువ ఇళ్ళకు పట్టలేదు. చాలావాటి సామాను వేలంలో తలోదిక్కూ పోయింది.

మ్యూజియం మాట వచ్చింది కనుక మన సంగతి చెప్పాలి. నేను చదివింది విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో. కె.జి.హెచ్. మెట్లు ఎక్కి దిగినన్నాళ్ళూ విశాఖ అంటే ఓడరేవు, ఉక్కు కర్మాగారం, సముద్రం అనే విన్నాను. కుర్చీలని ఎవరూ చెప్పలేదు. సౌత్ కెన్సింగ్టన్‌లోని ఆ మ్యూజియంలో ఒక అద్దాల పెట్టె ముందు "వైజాగపటం" అన్న చీటీ చదివి అక్కడే నిలబడిపోయాను.

18వ శతాబ్దంలో విశాఖలో ఇంగ్లీషు కంపెనీ కోఠీ ఉండేది. దొరలు తమ దేశపు కుర్చీని, సొరుగుల బల్లను, అచ్చుబొమ్మలను నమూనాగా చూపిస్తే, మన కంసాలి పనివాళ్ళు ఇరుగుడు, నల్లచేవ, టేకు చెక్కల్లో అచ్చం అలాగే దింపేవారు. దింపి ఊరుకోలేదు. మొదట్లో చెక్కలో గాడి తీసి ఏనుగుదంతం ముక్కలను పూలతీగల్లా పొదిగేవారు. శతాబ్దం రెండో సగంలో వస్తువంతా పలుచని దంతపు రేకులతో కప్పి, రేకు మీద సన్నని గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపేవారు. దూరానికి కాగితం మీద సిరాతో వేసిన బొమ్మలా ఉంటుంది. చిన్న చిన్న రాతబల్లలు, అద్దం పెట్టెలు, తేయాకు పెట్టెలు. వాటి మీద ఇంగ్లండు భవనాలు, స్తంభాలు, చెట్లు. ఆ చెక్కినవాడు ఆ భవనాలను జన్మలో చూసి ఉండడు. ఆస్టర్లీలో రోమును చూసి ఇంగ్లండువాడు చేసిన స్తంభం, ఇంగ్లండు కాగితాన్ని చూసి విశాఖవాడు చేసిన స్తంభం, రెండూ ఇప్పుడు ఒకే ఊళ్ళో ఉన్నాయి.

మద్రాసు గవర్నరుగా పనిచేసి వచ్చిన అలెగ్జాండర్ వించ్ చనిపోయాక, 1781లో జరిగిన వేలంలో మూడవ జార్జి రాజు మన తీరంలో చేసిన దంతపు కుర్చీలను షార్లెట్ రాణి కోసం కొన్నాడు. రాజు పేరు, రాణి పేరు, గవర్నరు పేరు, వేలం సంవత్సరం అన్నీ ఉన్నాయి. ఆ కుర్చీ చేసినవాళ్ళ పేర్లు మాత్రం మనదాకా రాలేదు. ఆడమ్ పేరు, చిప్పెండేల్ పేరు ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. అంత పనితనం చూపిన మన కంసాలి పేరు వాళ్ళ మునిమనవడికైనా తెలుసో లేదో. ఆ పెట్టె ముందు నాకు గర్వమూ, కడుపులో ఒక మెలికా రెండూ ఒకేసారి కలిగాయి.

అదే మ్యూజియంలో డేవిడ్ గారిక్ అనే ప్రసిద్ధ నటుడి మంచం కూడా ఉంది. 1775 ప్రాంతంలో చిప్పెండేల్ కార్ఖానాలో ఆకుపచ్చ, తెలుపు రంగులు వేసి చేసిన మంచం. దానికి తెరలు మన కోరమాండల్ తీరపు కలంకారీ. ఇక్కడి నేతగాళ్ళను కాపాడటానికి భారతీయ చీటీగుడ్డను ఆ రోజుల్లో నిషేధించారు. అందుచేత గారిక్ భార్యకు బహుమతిగా వచ్చిన ఆ గుడ్డను సుంకం అధికారులు పట్టుకుపోయారు. దాన్ని విడిపించమని ఆ మహానటుడు పై అధికారికి అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆవకాయ జాడీతో హీత్రోలో నిలబడ్డ మన తల్లులు ఒంటరివారు కారన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఏనుగుదంతం సామాను మీద ఇప్పుడు చట్టం గట్టిగా ఉంది. బ్రిటనులో 2018లో చేసిన దంతపు చట్టం 2022 జూన్ నుంచి అమలులోకి వచ్చింది; కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎంత పాతదైనా అమ్మకం కుదరదు. ఏనుగులు మిగలాలంటే అది సబబే. కాబట్టి విశాఖ పనిని మ్యూజియంలో చూసి సంతోషించాలి. ఇంటి దగ్గరనుంచి ఎవరూ దంతపు పెట్టెలు తేవద్దు, ఇక్కడ కొనవద్దు.

ఇక మన ఇళ్ళ సంగతి. పోయిన వేసవిలో మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. అప్పటికి మేము ఇల్లు కొని నాలుగు నెలలు. శిక్షణ కాలమంతా ఆరు నెలలకో ఆస్పత్రి, ఏడాదికో అద్దె ఇల్లు. ఆ ఇళ్ళలో సామాను యజమానిది. మనది రెండు సూట్‌కేసులు, ఒక కుక్కరు. అందుచేత కుర్చీ కొనడం మాకు కొత్త. వేలంశాలలో పాత కుర్చీలు చూడటానికి బయలుదేరుతుంటే అత్తయ్యగారు, "ఎవరు కూర్చున్నవో, ఎవరు పోయినవో, మనకెందుకమ్మా?" అన్నారు. ఆవిడ శంక మన ఆచారంలో ఉన్నదే. పోయినవారి మంచం దానమిచ్చేస్తాం గాని వాడుకోం. రోజూ పొద్దున ఒకరు వెళ్ళిపోయిన పరుపు మీదే సాయంత్రానికి ఇంకొకర్ని చేర్చుకునే ఉద్యోగం నాది. నాకా శంక ఎప్పుడో పోయింది. అయినా పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకని, మంచాలు మాత్రం కొత్తవి కొంటామని మాటిచ్చాను.

మామయ్యగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన శంక వేరు. కుర్చీలు ఇంటికి వచ్చిన రోజు వాటిని తిప్పి చూసి, చేత్తో బరువు చూసి, "ఇవి వందేళ్ళు ఉండేలా ఉన్నాయే," అన్నారు. కాసేపాగి, "అంటే మీరిక రారన్నమాటేనా అమ్మాయ్?" అని అడిగారు.

సూట్‌కేసులున్నన్నాళ్ళూ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఇంకో రెండేళ్ళు" అంటే సరిపోయేది. మావారు కిటికీ దగ్గరకు వెళ్ళి పరదా సర్దడం మొదలుపెట్టారు. "మాకూ ఇంకా తెలియదు మామయ్యగారూ," అన్నాను. అది నిజమే. ఆయన కోప్పడలేదు. బొబ్బిలి దగ్గర తమ పాత ఇంట్లో వాళ్ళ తాతగారి భోషాణం సంగతి చెప్పారు. ఆ ఇంటి గుమ్మంలోంచి పట్టదట. లోపలే చేసి పెట్టిన వస్తువు. "మేమంతా చదువులకీ ఉద్యోగాలకీ తలో ఊరూ పోయాం. అది మాత్రం అక్కడే ఉండిపోయింది. కొన్నా కొనకపోయినా వెళ్ళేవాళ్ళు వెళతారు, వచ్చేవాళ్ళు వస్తారు. తలుపులోంచి పట్టే సామాను కొనుక్కోండి, అంతే," అన్నారు. ఆ సలహా కంటే మంచిది ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

మన సభ్యులకు పనికొస్తాయని, తెలుసుకున్న నాలుగు మాటలు రాస్తున్నాను.

వ్యాపారంలో సాధారణంగా నూరేళ్ళు దాటిన వస్తువును యాంటిక్ అంటారు. పాత నమూనాలో తరవాతి కాలంలో చేసింది రీప్రొడక్షన్. రీప్రొడక్షన్ అంటే దొంగసరుకు కాదు. కొత్తదాన్ని పాతదని అమ్మితేనే దొంగతనం. అసలు ఈ తీరు పుట్టిందే నమూనా పుస్తకాల మీద. హెపుల్‌వైట్ పోయాక 1788లో ఆయన భార్య అచ్చువేయించిన పుస్తకమూ, 1791 నుంచి షెరటన్ వేసిన పుస్తకమూ దేశమంతా వడ్రంగులు చూసి చేసుకోవడానికి రాసినవే. పుస్తకాలతో అంత పేరు తెచ్చుకున్న షెరటన్ 1806లో పేదరికంలోనే పోయాడు. మళ్ళీ 1860ల తరవాత, ముఖ్యంగా 1900 ప్రాంతంలో, ఈ తీరుకు రెండోసారి మోజు వచ్చింది. అప్పటి నకళ్ళకు ఇప్పుడు నూరేళ్ళు దాటి అవే యాంటిక్కులయ్యాయి! పని గట్టిగా ఉంటుంది, ధర అందుబాటులో ఉంటుంది. మనబోటివారికి ఇవే అనువైనవి.

వస్తువు వయసు చూడటం రోగిని చూడటం లాంటిదే. ముందు చరిత్ర అడగాలి, తరవాత చూడాలి, తరవాత తాకాలి. సొరుగు బయటికి లాగి పక్కనుంచి చూడండి. మూలల్లో పావురం తోకల్లా ఒకదాంట్లో ఒకటి దిగిన పళ్ళుంటాయి. చేత్తో కోసినవి కొద్దిగానే ఉండి, ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి. యంత్రంతో కోసినవి కవాతులా సమానంగా ఉంటాయి. సొరుగు అడుగున రంపం గీతలు తిన్నగా ఉంటే చేతిరంపం. విల్లులా వంపుగా ఉంటే గుండ్రటి మరరంపం, అది వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలో. పైన అంటించిన మహాగని పొర పాతదైతే మందంగా ఉంటుంది, కొత్తదైతే కాగితంలా ఉంటుంది. గుండ్రని బల్లను రెండు దిక్కులా కొలవండి. చెక్క నిలువున కంటే అడ్డంగా ఎక్కువ కుంచించుకుంటుంది కనుక, నిజంగా పాత బల్ల కొంచెం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. చేతులు, కాళ్ళు తగిలే చోట్లే అరగాలి. ఎవరూ ముట్టని చోట అరిగితే అనుమానించండి. చిన్న చిన్న చిల్లులు కనిపిస్తే భయపడక్కరలేదు. వాటి కింద తెల్లని తాజా పొడి రాలుతూంటే మాత్రం లోపల పురుగు బతికే ఉంది, ఇంటికి తేవద్దు.

మెత్తలు కుట్టిన సామానుకు ఇంకో నియమం ఉంది. 1988 నాటి అగ్నిభద్రతా నిబంధనల ప్రకారం, 1950 తరవాత చేసినవాటికి మంటను తట్టుకునే మెత్త, బట్ట ఉండాలి. ఆ చీటీ ఉందో లేదో చూడండి. వేలంశాలలో పాడిన ధర మీద కమీషను, ఆ కమీషను మీద పన్ను అదనం. చెయ్యెత్తే ముందు అది కలుపుకోండి. ముదురు రంగు మహాగని సామాను ధరలు గత ఇరవై ఏళ్ళలో బాగా పడిపోయాయి. నలుగురు కలిసి చూసుకుంటే చెక్కపొడి అట్టలతో చేసిన కొత్త కుర్చీ ఖరీదుకే గట్టి చెక్క కుర్చీ దొరుకుతుంది. తెచ్చాక రేడియేటరు పక్కన మాత్రం పెట్టకండి. ఎండిపోయి అంటించిన పొర లేచిపోతుంది.

మేము కొన్నది ఎక్కువేమీ కాదు. డాలు ఆకారంలో వీపు ఉన్న హెపుల్‌వైట్ తరహా కుర్చీలు నాలుగు, 1900 ప్రాంతానివి. వాటికి జోడుగా ఈ మధ్య చేసిన నకళ్ళు రెండు. రెండు పక్కలా రెక్కలు దించే పెంబ్రోక్ బల్ల ఒకటి. రెక్కలు దించితే అది గోడవార అడుగున్నర చోటు తీసుకుంటుంది; ఎత్తితే నలుగురు భోంచేయవచ్చు. కుర్చీలు తేలిక, పదేళ్ళ పిల్ల కూడా జరపగలదు. సీటు గట్టిగా, తగినంత ఎత్తుగా ఉండటంతో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు లేవడం సులువు. లోతైన సోఫాలోంచి వాళ్ళను చెయ్యిచ్చి లేపాల్సి వచ్చేది. శ్రావణ శుక్రవారం నాడు కుర్చీలన్నీ గోడకు చేర్చి, బల్ల రెక్కలు దించేసరికి పద్ధెనిమిది మంది ముత్తైదువలు చక్కగా చాప మీద కూర్చున్నారు. అత్తయ్యగారు మాత్రం ఉన్నన్నాళ్ళూ ఆరు కుర్చీల్లో ఆ కొత్త రెండూ ఎక్కడున్నాయో వెతుక్కుని వాటి మీదే కూర్చునేవారు. మాకెవరికీ తేడా తెలియని చోట ఆవిడ ఎలా కనిపెట్టేవారో ఇప్పటికీ చెప్పలేదు.

చూడదలచుకున్నవారికి: పికడిల్లీ లైనులో ఆస్టర్లీ స్టేషనులో దిగితే భవనానికి మైలు లోపే నడక. తెరిచే రోజులు, వేళలు ఋతువును బట్టి మారతాయి కనుక ముందే కనుక్కుని వెళ్ళండి. నేషనల్ ట్రస్టు సభ్యులకు ప్రవేశం ఉచితం. సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలో ప్రవేశానికి టిక్కెట్టు లేదు. విశాఖ పని అంతా ఒకేసారి ప్రదర్శనలో ఉండదు గాని, అడిగితే ఏది ఎక్కడుందో చెబుతారు. పిల్లల్ని తప్పక తీసుకువెళ్ళి, ఆ చీటీ మీద ఊరి పేరు వాళ్ళచేతే చదివించండి.

ఆస్టర్లీలో పులిహోర మాత్రం పార్కులోనే తిని లోపలికి వెళ్ళాలి. ఆడమ్ గారి గోడలకు పోపు వాసన పట్టకూడదు కదా.